చావుబండీ, పట్నం పడుచూ

1921 జనవరి 1న స్వీడన్‌లో ఒక సినిమా విడుదలైంది. అందులో కథ జరిగేది డిసెంబరు 31 రాత్రి. ఏడాది ఆఖరి రాత్రి పన్నెండు కొట్టబోయే ముందు ఎవడు చివరగా కన్నుమూస్తాడో, వాడు మర్నాటి నుంచి ఏడాది పొడుగునా మృత్యువుకు బండి తోలాలి. ఊరూరా తిరిగి పోయినవాళ్ల ప్రాణాలను బండికెత్తుకోవాలి. ఈ నమ్మకం మీద అల్లిన కథను సరిగ్గా కొత్త సంవత్సరం నాడే తెరమీదికి తేవడం నిర్మాతల గడుసుదనం. ముందురాత్రి తాగింది ఇంకా దిగనివాళ్లు కూడా ఆ హాళ్లలో కొందరు ఉండే ఉంటారు.

సినిమా పేరు స్వీడిష్‌లో ‘షోర్‌కార్లెన్’. బయటి ప్రపంచం దాన్ని ‘ది ఫాంటమ్ క్యారేజ్’ అంది. దర్శకుడు విక్టర్ షోస్త్రోమ్. తాగుబోతు డేవిడ్ హోమ్ వేషం కట్టిందీ ఆయనే. ఆరున్నరేళ్లు దాటాక, 1927 సెప్టెంబరు 23న, న్యూయార్కులోని టైమ్స్ స్క్వేర్ థియేటర్లో ‘సన్‌రైజ్’ మొదటి ఆట పడింది. జర్మనీ నుంచి హాలీవుడ్‌కు వచ్చిన ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ దాని దర్శకుడు. డబ్బు పెట్టింది విలియమ్ ఫాక్స్.

రెంటిలోనూ కథ పాతదే. సంసారమున్న మగవాడు దారి తప్పుతాడు, ఇల్లాలు ఏడుస్తుంది, ప్రాణాల మీదికి వచ్చాక అతనికి బుద్ధి వస్తుంది. యూరప్ నాటకశాలలు పందొమ్మిదో శతాబ్దంలోనే నమిలి పిప్పి చేసిన సరుకు ఇది. కొత్తదనమంతా ఫిలిం మీద ఉంది. ఒకే ఫిలింను కెమెరాలో రెండుసార్లు, మూడుసార్లు తిప్పి ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడేలా చేయడం అప్పటికే ఇంద్రజాల చిత్రాలవాళ్లకు తెలిసిన కిటుకు. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ దానితో తలకాయలను గాలిలో ఎగరేసి జనాన్ని నవ్వించాడు. అదే కిటుకుతో మనిషి లోపల జరిగేది కూడా చూపించవచ్చునని తిరుగులేకుండా రుజువు చేసిన సినిమాల్లో ఈ రెంటికీ ముందువరస దక్కుతుంది. తమాషా ఏమిటంటే, స్వీడన్‌వాడు దాన్ని చావుకూ పశ్చాత్తాపానికీ వాడాడు. జర్మనీవాడు కోరికకు వాడాడు.

‘ఫాంటమ్ క్యారేజ్’ కథ క్షయవ్యాధి ప్రచారం కోసం పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు. క్షయ మీద పోరాడే ఒక సంఘం, జనానికి జాగ్రత్తలు తెలిసేలా ఏదైనా రాసిపెట్టమని సెల్మా లాగెర్‌లోఫ్‌ను అడిగింది. 1909లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆవిడ. అడిగింది ఆరోగ్యపాఠం. 1912లో ఆవిడ వాళ్ల చేతిలో పెట్టింది దెయ్యం కథ. క్షయను మాత్రం వదల్లేదు, కథను నడిపేదే ఆ జబ్బు.

1920 ఏప్రిల్‌లో షోస్త్రోమ్ స్క్రిప్టు పట్టుకుని మోర్బాకాలోని ఆవిడ ఇంటికి వెళ్లి, పాత్రలన్నీ తానే అభినయిస్తూ రెండు గంటలసేపు వినిపించాడట. అంతా విని ఆవిడ భోజనానికి రమ్మంది. అదే ఒప్పుకోలు. ఒక్క విషయంలో మాత్రం పొసగలేదు. తాను టీచరుగా పనిచేసిన లాండ్స్‌క్రోనా పట్టణంలోనే సినిమా తీయాలని ఆవిడ కోరిక. బొమ్మ మీద బొమ్మ పడాల్సిన సినిమాకు వెలుతురు చెప్పుచేతల్లో ఉండాలి. షోస్త్రోమ్ స్టాక్‌హోమ్ పక్కనున్న రోసుందా స్టూడియోలోనే వీధులు కట్టించుకున్నాడు.

ఆనాటి స్వీడన్‌లో తాగుడు ఒక ఇంటి గొడవ మాత్రమే కాదు, దేశం మొత్తం తలపట్టుకున్న సమస్య. మద్యం కొనాలంటే రేషన్ పుస్తకం ఉండాలి, కొన్న ప్రతిసారీ అందులో రాయించుకోవాలి. ఇది చాలదు, పూర్తిగా నిషేధించాలన్నవాళ్ల ఒత్తిడి మీద 1922 ఆగస్టులో దేశమంతా ఓటింగు పెట్టారు. సుమారు 51 శాతం మంది వద్దనడంతో నిషేధం వెంట్రుకవాసిలో తప్పిపోయింది. సినిమా వచ్చింది ఈ వాదం మంచి వేడి మీద ఉన్నప్పుడే. తెర మీది డేవిడ్ హోమ్‌ను చూసినవాళ్లలో చాలామందికి అటువంటి మనిషి తమ వీధిలోనే ఉన్నాడు.

కథలో ఒక చిరిగిన కోటు ఉంది. సాల్వేషన్ ఆర్మీ వాళ్లు కొత్తగా తెరిచిన సత్రానికి ఏడాది చివరి రాత్రి మొదటి అతిథిగా డేవిడ్ వస్తాడు. (1910ల్లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు నడిపిన సాల్వేషన్ ఆర్మీ ఇదే.) అతను బల్ల మీద పడి నిద్రపోతాడు. సత్రంలో సేవచేసే సిస్టర్ ఎడిట్ అతని మురికి కోటు తీసుకుని, చిరుగులకు అతుకులు వేస్తూ రాత్రంతా కూర్చుంటుంది. తెల్లారి లేచి డేవిడ్ ఆ అతుకులు చూస్తాడు. కుట్టిందెవరో పిలవమంటాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడ్డాక, ఒక్కో అతుకూ పీకి పారేస్తాడు. నవ్వుతూ పీకుతాడు. అతని ఊపిరితిత్తుల్లోని జబ్బు ఆ కోటు నుంచి ఎడిట్‌కు అంటుకుంటుంది. ఏడాది తిరిగేసరికి ఆమె చావుమంచం మీద ఉంటుంది, అతన్ని ఒక్కసారి చూడాలని కబురు పంపుతుంది. అతను శ్మశానంలో సావాసగాళ్లతో తాగుతూ కూర్చుని, రానంటాడు.

ఇక్కడ కథ మామూలు నీతికథ కన్నా ఒక మెట్టు పైకి వెళ్లింది. డేవిడ్ భార్య అప్పటికే అతన్ని వదిలి పిల్లలతో దూరంగా వెళ్లి బతుకుతూ ఉంటుంది. ఆమెను నచ్చజెప్పి మళ్లీ అతనితో కలిపింది ఈ ఎడిటే. మంచి మనసుతో చేసిన ఆ పనివల్లే ఆ తల్లీపిల్లలు మళ్లీ నరకంలో పడ్డారు. జబ్బు పిల్లలకు అంటుతుందని భార్య బతిమాలితే డేవిడ్ కావాలని దగ్గుతాడు. ఆమె అతన్ని వంటింట్లో పెట్టి గడియ వేస్తుంది. అతను గొడ్డలి తీసుకుని తలుపు నరుకుతాడు. 1980లో స్టాన్లీ కూబ్రిక్ ‘ది షైనింగ్’ తీశాక ఈ రెండు గొడ్డలి సన్నివేశాలనూ పక్కపక్కన పెట్టి చూడటం సినిమావాళ్లకు అలవాటైపోయింది. కానీ షోస్త్రోమ్ దృశ్యంలో భయపెట్టేది గొడ్డలి కాదు. తలుపు పగిలి లోపలికి వచ్చాక భార్య స్పృహ తప్పితే, అతను తాపీగా నీళ్లు తెచ్చి ఇస్తాడు. ఆ తాపీతనమే ఒళ్లు జలదరింపజేస్తుంది.

పన్నెండు కొట్టే సమయానికి శ్మశానంలో కొట్లాట జరిగి డేవిడ్ పడిపోతాడు. నేల మీద శరీరం ఉండగానే అందులోంచి గాజులాంటి ఇంకో డేవిడ్ లేచి కూర్చుంటాడు. బండి వస్తుంది. తోలుతున్నది కిందటేడు ఇదే రాత్రి చనిపోయిన పాత సావాసగాడు జార్జ్, తనకు తాగుడు అంటించినవాడు. అతని వెంట డేవిడ్ తన బతుకును తిరిగి చూసుకుంటాడు.

ఈ దృశ్యాల వెనకున్న పనితనం కెమెరామన్ యూలియస్ యేన్‌సన్‌ది. అప్పట్లో కెమెరాకు మోటారు లేదు, చేత్తో తిప్పాలి. ముందు గది, మనుషులు, సామాన్లు తీస్తారు. ఫిలిం వెనక్కి చుట్టి, నల్లటి నేపథ్యం ముందు దెయ్యాన్ని మళ్లీ దాని మీదే తీస్తారు. రెండోసారి తిప్పే వేగం మొదటిసారితో తూచినట్టు సరిపోవాలి. నటుడు లేని కుర్చీని తప్పుకుని నడవాలి, లేని మనిషి ముఖంలోకి చూసి మాట్లాడాలి. కొన్ని షాట్లలో ఇలా నాలుగు పొరల దాకా పడ్డాయి. ఎక్కడ ఒక్కటి గాడి తప్పినా మొదటి పొర దగ్గర్నుంచి మళ్లీ మొదలు. ఇంత చేసి సాధించిందేమిటంటే, దెయ్యం గదిలో మనుషుల మధ్య నడుస్తుంది, వస్తువుల వెనక్కి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. అంతకు ముందటి సినిమా దెయ్యాలు తెరకు అంటించిన కాగితాల్లా ఉండేవి. యేన్‌సన్ వాటికి చోటిచ్చాడు. బండి సముద్రం మీదికి వెళ్లి మునిగినవాడి ప్రాణం తెచ్చే దృశ్యం నూరేళ్లు దాటినా వెలవెలబోలేదు.

‘సన్‌రైజ్’ కూడా పుస్తకంలోంచి వచ్చిందే. హెర్మన్ జూడర్‌మాన్ 1917లో వెలువరించిన లిథువేనియా కథల సంపుటిలో ‘టిల్జిట్ ప్రయాణం’ ఒకటి. టిల్జిట్ అప్పటి తూర్పు ప్రష్యాలోని పట్నం, ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు సొవెత్స్క్. కార్ల్ మాయర్ దాన్ని స్క్రిప్టుగా రాశాడు. రాస్తూ ఊరి పేరు తీసేశాడు, మనుషుల పేర్లూ తీసేశాడు. భర్త, భార్య, పట్నం నుంచి వచ్చిన ఆడది. అంతే. ఈ కథ ఎక్కడైనా జరగవచ్చునని మొదటి టైటిల్ కార్డే చెబుతుంది.

చెరువొడ్డు పల్లెకు షికారుకొచ్చిన పట్నం పడుచు సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఈల వేస్తుంది. ఇంట్లో భార్య బల్ల మీద భోజనం పెడుతూ ఉంటుంది. వెనక్కి తిరిగి చూసేసరికి భర్త లేడు. పైన బిగించిన పట్టాల నుంచి వేలాడే కెమెరా అతని వెంట బురదలోంచి, చెట్ల కొమ్మల కిందుగా, నిండు చంద్రుడి వెలుగులో నడుస్తుంది. కొంతదూరం పోయాక అతన్ని వదిలేసి అతనికన్నా ముందే ఆమె దగ్గరికి చేరుతుంది. ఆ ఒక్క షాట్‌లో అతని ఆత్రమంతా ఉంది. అక్కడ ఆమె చెప్పే ఉపాయం: పెళ్లాన్ని పడవలో తీసుకెళ్లి ముంచెయ్యి, రెల్లుకట్ట పట్టుకుని నువ్వు ఈదుకుంటూ రా, పొలం అమ్మి నాతో పట్నం వచ్చెయ్యి. ‘ముంచెయ్యి’ అన్న భావంగల టైటిల్ కార్డులో అక్షరాలు ఒక్కొక్కటీ జారి కిందికి మునిగిపోతాయి. మూకీల్లో మాట చూపించాల్సిందే, వినిపించే వీలు లేదు. మూర్నౌ ఆ చూపించడాన్ని కూడా నటింపజేశాడు.

మర్నాడు పొద్దున అతను ఇంట్లో మంచం మీద కూర్చుని ఉంటే, పట్నం పడుచు గాజుబొమ్మలా వెనక నుంచి వచ్చి కౌగిలించుకుంటుంది. పక్క నుంచి ఇంకొక ఆమె. యేన్‌సన్ దెయ్యానికి వాడిన కిటుకే ఇది. చార్లెస్ రోషర్, కార్ల్ స్ట్రస్ అనే ఇద్దరు కెమెరామన్లు దాన్ని మోహానికి మళ్లించారు. షోస్త్రోమ్ సినిమాలో గాజుమనిషి నిన్ను నువ్వు చూసుకో అంటాడు. ఇక్కడ గాజుమనిషి ఏమీ చూడకు, నాతో రా అంటుంది.

భర్తగా వేసిన జార్జ్ ఓబ్రయన్ బూట్లలో మూర్నౌ బరువులు పెట్టించాడు. ఆ అడుగుల ఈడుపు చూస్తే అది నటన అనిపించదు. పడవలో అతను లేచి నిలబడినప్పుడు భుజాలు ముందుకు వంగి, చేతులు వేలాడి, మనిషి రూపం పోతుంది. భార్యగా వేసిన జానెట్ గేనర్ రెండు చేతులూ జోడించి వేడుకుంటుంది. అంతే, అతని చేతులు లేవవు. ఒడ్డుకు చేరగానే ఆమె పరుగెత్తి ట్రామ్ ఎక్కేస్తుంది. అతనూ ఎక్కుతాడు. అడవి పక్కగా, చెరువు పక్కగా పోతూ ట్రామ్ మాటామంతీ లేని ఆ ఇద్దరినీ పట్నం నడిబొడ్డుకు చేరుస్తుంది. ఆ ప్రయాణం కోసం నిజంగానే పట్టాలు వేశారు. పట్నం మాత్రం సెట్టు. కళాదర్శకుడు రోఖుస్ గ్లీజె దూరపు మేడలను చిన్నవిగా, నేలను వాలుగా కట్టించాడు. వెనక వరసలో నడిచే పెద్దమనుషుల్లో కొందరు పొట్టివాళ్లు, పెద్దల దుస్తులు వేసుకున్న పిల్లలు. అందుకే ఆ వీధి ఎంతో దూరం సాగినట్టు ఉంటుంది.

కథ అసలు మలుపు తిరిగేది ఆ పట్నంలోనే. పాడు చేసిన ఆడది పట్నం నుంచి వచ్చింది గదా, పల్లె మంచిది, పట్నం చెడ్డది అని సినిమా తేల్చేస్తుందని అనుకుంటాం. తీరా మొగుడూపెళ్లాలు కలిసేది పట్నంలోని గుడిలో, ఎవరిదో పెళ్లి చూస్తూ. పెళ్లి ప్రమాణాలు వింటూ అతను వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆ తర్వాత సినిమా ముప్పావుపాళ్లు సరదాగా మారిపోతుంది. మంగలి షాపు, ఫోటో స్టూడియో, అక్కడ తల లేని విగ్రహాన్ని తామే విరగ్గొట్టామని వీళ్లు కంగారు పడటం, ఎగ్జిబిషన్‌లో తప్పించుకున్న పందిపిల్ల సారా తాగి తూలడం. అమెరికాలో అప్పటికి ఏడేళ్లుగా మద్యనిషేధం అమల్లో ఉంది. ఊరూపేరూ లేని దేశం కాబట్టి మూర్నౌ పందికి సైతం తాగించగలిగాడు. స్వీడన్ సినిమాలో తాగుడే పాపం. ఆరేళ్ల తర్వాత అదే తాగుడు నవ్వులాట.

కొలతల్లో తేడా చూస్తే ఈ రెంటి స్వభావం బయటపడుతుంది. ‘ఫాంటమ్ క్యారేజ్’లో పాపం నిడివి దాదాపు సినిమా అంతా, విముక్తి చివరి కొద్ది నిమిషాలు. దిక్కుతోచని భార్య పిల్లలకు విషమిచ్చి తానూ తాగబోతూ ఉంటుంది. దెయ్యమై చూస్తున్న డేవిడ్ ఆపలేక గగ్గోలు పెడతాడు. జార్జ్ కనికరించి అతన్ని శరీరంలోకి తిరిగి పంపిస్తే, పరుగెత్తి ఆపుతాడు. ‘సన్‌రైజ్’లో పాపం మొదటి అరగంటలో అయిపోతుంది. మిగిలిందంతా కొత్తగా కాపురం చేయడం, తర్వాత తుఫాను.

ఏది నమ్మదగ్గది? విడదీసి చెప్పాలంటే, నేరం చూపించడంలో షోస్త్రోమ్‌దే పైచేయి. ఒక మగవాడి క్రూరత్వానికి ఎంతమంది ఎలా బలవుతారో లెక్క తప్పకుండా చూపించాడు. కానీ చచ్చినవాణ్ని లేపి ఇంటికి పంపడం రచయిత్రి దయ, కథ సంపాదించుకున్నది కాదు. ‘సన్‌రైజ్’ భార్య అయితే పొద్దున చంపబోయినవాణ్ని మధ్యాహ్నానికే క్షమించేస్తుంది. కాగితం మీద ఇది హాస్యాస్పదం. తెర మీద మాత్రం చెల్లింది. ట్రామ్‌లో ఆమె ముఖం, రెస్టారెంటులో అతను ఇచ్చిన కేకు ముక్క నోట్లో పెట్టుకోలేక ఆమె ఏడవడం, ఇవన్నీ ఆ క్షమకు కావలసిన టైము ఇచ్చాయి. క్షమించే బరువు రెండు సినిమాలూ ఆడవాళ్ల మీదే పెట్టాయి. ఆ రోజుల మెలోడ్రామాలో ఇంకో దారి వెతకడం అత్యాశ.

జూడర్‌మాన్ కథలో ముగింపు వేరు. తుఫానులో పడవ బోల్తా పడ్డప్పుడు రెల్లుకట్టను భార్యకు కట్టి ఆమెను బతికించి భర్త చచ్చిపోతాడు. ప్రాయశ్చిత్తం అక్కడ ప్రాణంతో జరిగింది. సినిమాలో ఇద్దరూ బతుకుతారు. హత్య కోసం కోసిన రెల్లే ఆమెను తేల్చి కాపాడిందన్న సంగతి మాత్రం అలాగే ఉంచారు.

ఈ రెల్లు తెలుగువాళ్లకు ఒక నదిని గుర్తు తేకమానదు. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటకం పల్లెపల్లెనా ఆడిన నేల మనది. వరదలో శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఏరు దాటి, పామును తాడు అనుకుని మేడ ఎక్కిన బిల్వమంగళుడి కథ సినిమాగా ఈ రెంటికన్నా ముందే వచ్చింది. కలకత్తాలో మదన్ కంపెనీ 1919లోనే ‘బిల్వమంగళ్’ తీసింది. 1956లో ఎన్టీఆర్, భానుమతి నటించిన తెలుగు ‘చింతామణి’ చాలామందికి తెలుసు. ఆ కథలో ఒక సంగతి పడమటివాళ్లకు తట్టలేదు. అక్కడ బిల్వమంగళుడితో పాటు అతను మోహించిన వేశ్య చింతామణి కూడా దేవుడి దారి పడుతుంది. 1954 నాటి ‘విప్రనారాయణ’లో దేవదేవికీ అంతే. వలలో వేసినదానికి కూడా మోక్షం ఉంది. ‘సన్‌రైజ్’లో మార్గరెట్ లివింగ్‌స్టన్ వేసిన పట్నం పడుచుకు పేరు లేదు, పశ్చాత్తాపపడే అవకాశమూ లేదు. గొంతు నులిమించుకుని, తెల్లారి బండిలో సామానుతో వెళ్లిపోతుంది. మూర్నౌ అంతటివాడి సినిమాలో ఇది లోపమే.

‘సన్‌రైజ్’ వచ్చిన రెండు వారాలకే, 1927 అక్టోబరు 6న, ‘ది జాజ్ సింగర్’ మాట్లాడటం మొదలుపెట్టింది. ‘సన్‌రైజ్’ అప్పటికే సగం టాకీ. మాటలు లేవుగానీ ఫాక్స్ వారి మూవీటోన్ పద్ధతిలో సంగీతం, కారు హారన్లు, జనం రొద ఫిలిం మీదే ముద్రించి ఉన్నాయి. తుఫాను తర్వాత అతను చీకట్లో భార్యను పిలిచే కేకకు బదులు హారన్ వాయిద్యం వినిపిస్తుంది. 1929 మే 16న జరిగిన మొదటి ఆస్కార్ సభలో ఈ సినిమాకు మూడు బహుమతులు దక్కాయి. అందులో ఒకటి ‘విశిష్ట కళాత్మక చిత్రం’. ఆ విభాగాన్ని మరుసటి ఏటి నుంచే ఎత్తేశారు.

మూర్నౌ 1931 మార్చిలో కారు ప్రమాదంలో 42 ఏళ్లకే పోయాడు. షోస్త్రోమ్ కూడా హాలీవుడ్ వెళ్లి 1928లో ‘ది విండ్’ వంటి గొప్ప మూకీ తీసి, టాకీలు వచ్చాక స్వీడన్‌కు తిరిగొచ్చేశాడు. అతని శిష్యుడిలాంటివాడు ఇంగ్‌మార్ బెర్గ్‌మన్. ‘ఫాంటమ్ క్యారేజ్’ తన మీద వేసిన ముద్రను బెర్గ్‌మన్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 1957లో ‘వైల్డ్ స్ట్రాబెరీస్’లో తన బతుకును తిరిగి చూసుకునే ముసలి ప్రొఫెసర్ వేషం షోస్త్రోమ్‌కే ఇచ్చాడు. అందులో కలలో ఒక శవపేటిక బండి వస్తుంది, తోలేవాడు లేకుండా.

1937 జులైలో న్యూజెర్సీలోని ఫాక్స్ గోడౌన్ తగలబడి మూకీల నెగెటివ్‌లు బూడిదయ్యాయి. ‘సన్‌రైజ్’ అసలు నెగెటివ్ అందులో పోయింది. ఇవాళ చూస్తున్నది మిగిలిన ప్రింట్ల నుంచి బాగుచేసినది. 2023 జనవరి 1తో అమెరికాలో దాని కాపీరైటు కూడా ముగిసింది. స్వీడిష్ సినిమాకు అక్కడ అంతకు ముందే ముగిసింది. కాబట్టి హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఫిల్మ్ సొసైటీలవారికి ఒక మనవి. ఈ రెండూ ఒకే సాయంత్రం వేయండి, ‘ఫాంటమ్ క్యారేజ్’ ముందు వేయండి. ‘సన్‌రైజ్’కు మాత్రం కొత్త సంగీతం తగిలించిన ప్రింటు వద్దు, 1927 నాటి మూవీటోన్ ట్రాకే పెట్టండి.